పళ్ళతో తెంపిన దారం

కెనడాలోని మిస్సిసాగాలో మా వీధి చివర ఒక బేస్‌మెంట్‌లో జాకెట్లు కుట్టే ఆంటీ ఉండేవారు. పక్కనే కత్తెర ఉన్నా దారం పళ్ళతోనే తెంపేవారు. నేను నవ్వితే, "కత్తెర అందుకునేలోపు ఇంకో హుక్కు కుట్టెయ్యొచ్చమ్మా" అనేవారు.

ఒకరోజు నా జాకెట్ తెచ్చుకుందామని వెళితే ఎడమ అరచేతికి గుడ్డ చుట్టుకుని కనిపించారు. కత్తెర జారి తెగిందట. నేనే పట్టుబట్టి విప్పించాను. బొటనవేలి కింద, వాచిన గాయం మీద, ఎర్ర దారంతో ఆరు కుట్లు. జాకెట్ అంచుకి వేసినంత పొందికగా ఉన్నాయి.

"ఎవరు వేశారు ఆంటీ?"

"నేనే. సూది నీళ్ళలో మరిగించానులే."

"మా ఆసుపత్రికి రావచ్చు కదా. ఎమర్జెన్సీలో నేనుంటానుగా."

ఆమె కోపం లేకుండానే నావైపు చూశారు. "నా వర్క్ పర్మిట్ అయిపోయి రెండేళ్ళయింది, దాంతోపాటే హెల్త్ కార్డూ పోయింది. వచ్చాననుకో, ముందు హెల్త్ కార్డ్ అడిగేది నువ్వే కదమ్మా."

నిజమే. రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర కూర్చుని రోజంతా నేను అడిగే మొదటి మాట అదే.

మళ్ళీ ఆ కుట్లకేసి చూశాను. చివరి ముడి దగ్గర దారం కొస తడిసి నలిగినట్టు పీచులుగా ఉంది. అదీ పళ్ళతోనే తెంపారు.