చెంబు నీళ్ళతో చుట్టమైన కుక్క

అరకులోయ దాటి కొండ మీదికి పోయే దారిలో ఒక సెల్ టవర్ ఉంది. దాని బ్యాటరీలు, కేబుళ్ళు చూసుకోవడం నా ఉద్యోగం. టవర్ కింది ఊళ్ళో ఒక పెద్దమ్మ ఇంటి ముందుగదిలో అద్దెకుంటాను. ఆవిడకు కొండ పైన కాస్త కాఫీ తోట, ఇంట్లో ఒక గోధుమరంగు కుక్క ఉన్నాయి. తోటకు పోయే కాలిబాటంతా పొదలే. పొదల్లో ఎలుగుబంటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అది తేల్చడం కుక్క ఉద్యోగం. కుక్క ముందు నడిస్తేనే పెద్దమ్మ వెనక నడుస్తుంది.

కాఫీ పళ్ళు ఎర్రబడుతున్న వారంలోనే మా రోడ్డుకు తారు పోశారు. మనుషులంతా పక్కనుంచి నడిచారు. కుక్క నడిమధ్యనుంచి నడిచింది. ఇంటికొచ్చేసరికి నాలుగు పాదాలకూ తారు, తారుకు కంకర, కంకరకు ఒక చాక్లెట్ కాగితం. అరుగు మీద నడుస్తుంటే గుర్రమొచ్చినట్టు చప్పుడు.

"కిరసనాయిలు పోసి తుడిసీ బాబూ, బేగి వొదిలిపోద్ది," అంది పెద్దమ్మ.

"వద్దు పెద్దమ్మా. చర్మం కాలుతుంది. పైగా అది పాదాలు నాకిందంటే విషం."

"మరేటి సేత్తావు? పళ్ళు రాలిపోతే నానేటి అమ్ముకుంతాను?"

పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన చెప్పినదాన్ని కాగితం మీద వరసగా రాసుకున్నాను. నూనె రాసి తారును మెత్తబరచాలి. కంకర ఒక్కొక్కటే తీయాలి. గోరువెచ్చని నీళ్ళతో కడగాలి. వేళ్ళ సందుల్లో తడి మిగలకుండా తుడవాలి. పగుళ్ళు మానేదాకా రోజూ సాయంత్రం కడగడం, తుడవడం ఆపకూడదు. ఈ వరసలో కుక్క ఏం చేస్తుందన్నది మాత్రం లేదు.

ఇంట్లో ఉన్నది ఇప్పనూనె. కుక్కకు అది వంటనూనె అని తెలుసు. అందుకని పెద్దమ్మ దాని మూతి పట్టుకుంది, నేను కాలు పట్టుకున్నాను. పక్కింట్లో ఉండే ఆవిడ తోటికోడలు గోడమీదుగా తొంగిచూసింది.

"ఎంత సదువు సదివినా ఆకరికి కాళ్ళట్టుకోవాల్సిందే కదేటి బాబూ!"

తారు వదిలింది. కింద మెత్తటి చర్మం పగిలి ఉంది. ఆ రోజునుంచి సాయంత్రం కడగడం మొదలుపెట్టాను. ప్లాస్టిక్ మగ్గుతో పోస్తే నీళ్ళు ఒక్కసారే దభీమని పడి కుక్క బెదిరిపోతోంది. సన్నటి ధార కావాలి. గుమ్మం పక్కన బోర్లించి ఉన్న ఇత్తడి చెంబు చూశాను. మూతి సన్నం, చేతిలో ఒదుగుతుంది, ధార మన అదుపులో ఉంటుంది. గుమ్మం ముందున్న రాయి మీద నిలబెడితే నీళ్ళు పెరట్లోకి పోతాయి. ఉతికిన తువ్వాలుతో తుడిస్తే సందులు ఆరుతాయి. ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదనుకున్నాను.

నిజంగానే పాదాలు బాగుపడ్డాయి. కానీ ఇంట్లో మాట మారింది.

అప్పటిదాకా పెద్దమ్మ కుక్కను 'అది' అనేది. ఒక సాయంత్రం, "ఆయన తిన్నాడా?" అంది. ఎవరో వచ్చారేమోనని నేను వెనక్కి చూశాను. మర్నాడు ఆయనకు గోనెసంచి బదులు చాప పరిచింది. ఆ మర్నాడు ఆయనకు గుడ్డు పెట్టింది. నాకు పెట్టలేదు.

పగుళ్ళు పూర్తిగా మానిన ఉదయం బుట్ట తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాను.

"కుక్క సిద్ధం పెద్దమ్మా. తోటకు వెళ్ళొచ్చు."

ఆవిడ కదల్లేదు. "ఎలాగెల్తాను బాబూ? ఈ సెంబు సుట్టాల సెంబు. గుమ్మం కాడ నిలబెట్టి, ఈ సెంబుతో కాళ్ళు కడిగి, తువ్వాలుతో తుడిసినావు. ఓ రోజా, రెండ్రోజులా? సుట్టాన్ని సేసీసినావు. మా ఇంట్లో సుట్టానికి పని సెప్పం."

"అది కుక్క కదా!"

"కాళ్ళు కడిగినప్పుడు తెలీలేదేటి?"

నవ్వుతోందేమోనని మొహం చూశాను. నవ్వడం లేదు. చాప మీద ఆయన ఆవులించాడు.

"పోనీ నేను ముందు నడుస్తాను."

"ఎలుగొత్తే నువ్వేటి సేత్తావు? దానికీ వరస రాత్తావా?"

గోడ అవతల తోటికోడలికి నవ్వాగలేదు. దారి చూపించింది కూడా ఆవిడే. "సుట్టాన్ని ఎల్లగొట్టకూడదు గానీ సాగనంపొచ్చు కదే! పంపీసినాక సుట్టమేటి, మామూలు కుక్కే."

సాగనంపడానికి పద్ధతి ఉంది. కోడికూర పెట్టాలి. మెడలో కొత్త తువ్వాలు వెయ్యాలి. ఊరి చివర పనసచెట్టు దాకా వెంట వెళ్ళాలి. కోడికూర ఆయన తిన్నాడు. తువ్వాలు సగం తిన్నాడు. పనసచెట్టు దగ్గర ఆగాం. అక్కడొక చిక్కు వచ్చింది.

"సుట్టం సెలవు తీసుకోవాల కదా," అంది పెద్దమ్మ.

"ఆయనకు నోరెక్కడిది? కడిగినోడే సెప్పాల," అని తోటికోడలు నన్ను ముందుకు తోసింది.

నాకు స్పష్టత ముఖ్యం. కుక్క పక్కన నిలబడి, చేతులు జోడించి గట్టిగా అన్నాను: "వెళ్తున్నానండీ."

ఇద్దరూ ఒక్కసారే నెత్తులు కొట్టుకున్నారు.

"ఆ మాటేటి గుంటడా! సచ్చిపోయినోల్లు ఎల్తారు. బతికున్నోల్లు ఎల్లొత్తారు. ఎల్లొత్తానని సెప్పు!"

"వెళ్ళొస్తానండీ," అన్నాను.

"మంచిది బాబూ, ఎల్లి రా," అని పెద్దమ్మ కుక్క తలమీద చెయ్యి వేసింది. వెంటనే గొంతు మార్చి, "ఏటే, ఇంకా ఇక్కడే ఉన్నావు? పద తోటకి!" అని అదిలించింది.

సగం తువ్వాలు మెడలో ఎగురుతుండగా అది పొదల్లోకి దూసుకుపోయింది. వెనక పెద్దమ్మ, ఆ వెనక బుట్టతో నేను. ఎలుగుబంటి కనబడలేదు. పళ్ళు చాలావరకు కొమ్మలమీదే ఉన్నాయి. బుట్ట నిండింది.

సాయంత్రం ముందుగా ఇల్లు చేరింది కుక్కే. మేం వచ్చేసరికి గుమ్మం ముందున్న రాయి మీద నిలబడి ఉంది. లోపలికి పోలేదు. ముందుకాలు ఒకటి పైకెత్తి, చెంబు వైపు చూస్తోంది.

వెళ్ళొస్తానని దాని తరఫున మాటిచ్చింది నేనే.

"సెంబు దాసీ బాబూ, బేగి!" అని అరిచింది పెద్దమ్మ. "రేపు ఇంకో సగం తోట ఉంది!"

చెంబు చొక్కాలో దోపుకుని పెరట్లోకి పరుగెత్తాను. వెనకే ఆయనా వచ్చాడు.