మందు అన్న మాట

మందు అన్న ఒక్క మాటను ముగ్గురితోని బేరం పెట్టిన మనిషిని నేను. ఇంగ్లీషు మందుల షాపాయన, పురుగుమందుల సేటు, వైన్స్ ఓనరు. మందు అంటె మాదే అని ముగ్గురూ అన్నరు. ముగ్గురిదీ నిజమే.

రెండు వేల ఆరో, ఏడో. మేడ్చల్‌ల మా నాయినది కిరాణం దుకాణం. మా ఇండ్లల్ల పిల్లలకు నడక కంటె ముందు బేరం వస్తది. నాకు కొంచెం ఎక్కువనే వచ్చింది. కూరగాయలామెను కొసరు అడిగి, ఆ కొసరు మీద ఇంకో కొసరు అడిగే రకం. కంప్యూటర్ కోర్సు చేసినంక, మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాక ఉన్న దుకాణాలకు తలా ఒక పేజీ రాసి వెబ్‌సైటు పెట్టిన. అండ్ల వెతుకుటానికి ఒక సర్చ్ డబ్బా కావాలె. అసొంటిది ఒక పెద్ద కంపెనీ ఉత్తగనే ఇస్తుండె. ఏ పేజీలల్ల వెతకాల్నో మనం చెప్పాలె, లోకమంత ఇడిసిపెట్టి అది అండ్లనే వెతుకుతది. ఉత్తగ వచ్చేదాన్ని వద్దంటె మా వంశానికే మచ్చ.

దాంట్ల ఒక సౌలతు ఉండె. ఫలాన మాట కొడితే ఫలాన దుకాణమే అందరికంటె పైన రావాలె అని మనం ముందే కట్టిపెట్టుకోవచ్చు. అది చూసినంక నా చెయ్యి ఆగలే. దుకాణంల సరుకుకు పురుగు పడతది, ఎలుకలు కొడ్తయి. మాటకు ఆ పరేషాన్ లేదు. చీర అన్న మాట ఒకరికి అమ్మిన, సిమెంటు ఒకరికి అమ్మిన. బియ్యం మా నాయినకు. ఆయన మాత్రం, మన దుకాణంల బియ్యం ఉన్నయని గా డబ్బా చెప్తెనే తెలుస్తదారా అన్నడు.

మందు కాడ పోటీ మస్తుగ నడిచింది. ఆఖరుకు పురుగుమందుల సేటు గెలిచిండు. నాయినకు దోస్తు, నేను కాకా అని పిలుస్త. రెండో జాగ వైన్స్‌కు పోయింది. ఇంగ్లీషు మందులాయన బేరం తెగక అలిగిండు. ఆయన పేజీ ఎక్కడ్నో అడుగున పడ్డది.

డబ్బా పెడితే సరిపోదు, జనం వాడాలె. తూంకుంట కొత్త కాలనీల కోస్తా నుంచి వచ్చిన ఒకామె ఇంటర్నెట్ సెంటర్ నడుపుతుండె. ఆమెను పది దినాలు సతాయించిన. ఆమె కంప్యూటర్లు ఏది తెరిచినా ముందుగాల నా పేజే వచ్చేటట్టు చేయించుకున్న. ఏది కొట్టినా చూపెడతది మేడం అని గట్టిగ చెప్పిన.

ఎవరన్న ఏం కొడితే ఆ మాటలు, టైము, ఏ సెంటర్ నుంచి కొట్టిన్రో నాకు వరుసగ పడేటియి. పేర్లు మాత్రం ఉండకపోయేటియి. తెలుగునే ఇంగ్లీషు అక్షరాలల్ల తలా ఒక తీరు రాసేటోళ్ళు. పొద్దున చాయ్ తాగుకుంట చదువుతుంటి. జవహర్‌నగర్ దిక్కు నుంచి చెత్త వాసన పోవుడెట్ల అని ఒకరు, పిల్ల సంబంధం అని ఒకరు. నాకు నవ్వు.

ఒక సోమవారం పొద్దున శనివారం నాటి వరుస తెరిచిన. మధ్యాహ్నం మూడు దాటినంక తూంకుంట సెంటర్ నుంచి మూడు పడ్డయి.

అమ్మ మందు తాగింది.

అమ్మ మందు తాగింది ఏం చెయ్యాలె.

అమ్మ మందు దవాఖాన.

అంతే. దాని కింద ఎవరో సిమెంటు ధర అడిగిన్రు.

అమ్మ మందు తాగింది అంటె మా దిక్కు ఒకటే అర్థం. అది వైన్స్ మందు కాదు. నేనూ అవే మాటలు డబ్బాల కొట్టి చూసిన. పైన కాకా దుకాణం. అన్ని రకాల మందులు దొరుకును, నమ్మకమైన కంపెనీలు. ఆ నమ్మకమైన అన్న ముక్క నేను రాసిందే. దాని కింద వైన్స్. దవాఖాన ఒక్కటి లేదు. దవాఖానలోళ్ళు పేజీ రాయమని నన్ను అడగలే, నేను రాయలే.

తూంకుంటకు ఉరికిన. శనివారం ఆ టైముకు ఎవరొచ్చిన్రో సెంటరామెకు యాదికున్నది. ఒక ఆడపిల్ల. ఇంటర్ చదివే వయసట. పేరు రాయించుకోలేదట. చివరి సీట్ల కూసుంటె కాలేజీ పనేమో అనుకున్నదట. పది నిమిషాలు కాకముందే లేచి పోయింది, బయట ఇడిసిన చెప్పులు కూడ ఏసుకోలే. మెట్టు పక్కన ఇంకా ఉన్నయి, నీలం పట్టీలయి.

"నన్నొక్క మాట అడిగినా ఆటో పిలిచేదాన్ని కదండీ" అన్నది ఆమె.

ఎట్ల అడుగుతది? నోరు తెరిస్తె పోలీసు కేసయితదని ఇండ్లల్ల భయం. మనిషికి చెప్పరానిది డబ్బాకు చెప్పింది. డబ్బా పురుగుమందు చూపెట్టింది.

అక్కడ్నుంచి సీదా కాకా తానకు పోయిన. మాట వాపస్ ఇయ్యమన్న.

"ఇచ్చిన మాట ఎనక్కి గుంజుకుంటవారా? దుకాణదారు కొడుకువేనా నువ్వు?" అని నవ్విండు.

సంగతి చెప్పిన. నవ్వు ఆగింది.

"శుక్రవారం ఇద్దరు ఆడోళ్ళు మందుకు వచ్చిన్రు రా. పత్తికి అన్నరు" అన్నడు. "ఇద్దరూ పత్తికనే అన్నరు."

ఆ దినమే మందు అన్న మాటను ఎన్ని తీర్ల రాస్తరో అన్ని తీర్లా కట్టిపెట్టిన. ఏది కొట్టినా పైన అంబులెన్స్ నంబరు, సర్కారు దవాఖాన. వైన్స్ ఓనరు కొట్లాడిండు. కొట్లాడనిచ్చిన.

తర్వాత ఆ తల్లి బతికిందా లేదా అని నెలల తరబడి తిరిగిన. శామీర్‌పేట, రావల్కోల్, నడుమ ఊర్లు. ఎవనినైనా ఏ సరుకు ధరైనా అడిగేటోన్ని, ఏ ఇంట్ల మందు తాగిన్రు అని అడుగుటానికి నోరు రాలే. చాయ్ హోటళ్ళ కాడ కూసొని ఇనేది. ఇండ్ల ముంగట టెంటు కనపడితే బండి ఆపి ఎవరు పోయిన్రు అనేది. ముసలాయన అంటె, పాపం, నా పానం తేలికయ్యేది. ఎవరో పోతే తేలికయ్యేటి బతుకు అది.

ఎండకాలం సెంటరామె ఫోన్ చేసింది. ఆ పిల్ల వచ్చింది, ఎంట్రెన్స్ అప్లికేషన్ నింపించుకుంటాంది అన్నది. నేను పోయే వరకు ఎల్లిపోయింది.

అడిగిన్రా అన్న.

"ఏమని అడగనండీ? మీ అమ్మ ఉందా అనా?"

నిజమే. నేనైనా అడగకపోతుంటి. మొఖం చూస్తె ఏమన్న తెలిసిందా అంటె, మామూలుగానే ఉంది, నవ్వింది కూడా అన్నది. పిల్లలు ఎట్లున్నా నవ్వుతరు.

"అప్లికేషన్‌ల తల్లి పేరు కాడ ఏం రాసింది మేడం? ముంగట లేట్ అని పెట్టిందా?"

ఆమె నా దిక్కు చూసింది.

"నేనే టైపు చేశానండీ. అందులో తండ్రి పేరే అడుగుతారు."

ఆ ఫారం నాకు తెరిచి చూపెట్టుమన్న. ఖాళీ ఫారం తెరిచింది. పైనుంచి కింద దాక, మళ్ళ కింది నుంచి పైదాక చదివిన. తండ్రి పేరే ఉన్నది.