జీపు కదలని రోజు

ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి కూడా. ఆమె దగ్గర దాచినవి నాకు పెద్దగా ఏమీ లేవు. ఇదొక్కటే ఉంది.

దీని మూలంగా నేను తిండి మానలేదు, నిద్ర మానలేదు. పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాను, అక్కడే రిటైరయ్యాను. పిల్లలు కుదురుకున్నారు. సాయంత్రం పూట బీచి రోడ్డు మీద కాసేపు నడిచి, పల్లీలు కొనుక్కుని ఇంటికొస్తాను. నిజం చెప్పాలంటే సుఖంగానే బతికాను. అయినా లోపల ఒకచోట బరువు అలాగే ఉండిపోయింది. కష్టాల్లో ఉన్నవాడికైతే పది బరువుల్లో అదీ ఒకటిగా కలిసిపోయేదేమో. నాకు వేరే బరువులు లేవు. అందుకే అది ఎప్పుడూ విడిగా తెలుస్తూనే ఉంటుంది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అలాగైతేనే చెప్పగలను.

ఎనభైల మొదట్లో మాట. మేం ముగ్గురం స్నేహితులం. నాది పద్మనాభం దగ్గర పల్లె. గౌరినాయుడిది సబ్బవరం. అతను మా వర్క్‌షాపులో స్టోర్సు చూసేవాడు. మూడోవాడు భాస్కరం. వాళ్ళ నాన్నగారు గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. భాస్కరానికి చిన్నప్పటి నుంచి ఒకటే పిచ్చి, ఓడ ఎక్కాలని. హార్బరులోకి వచ్చే ఓడల్ని చూస్తూ పెరిగినవాడు. ఓడ ఇంజను గదిలో పని కోసం ఎన్నో ఏళ్ళు తిరిగాడు. ఆఖరికి ఒక కంపెనీ పిలిచింది. ఇనుప ఖనిజం ఎత్తుకుని జపాను వెళ్ళే ఓడ. దీపావళి వెళ్ళాక మన వైజాగు రేవులోనే ఎక్కాలి.

వెళ్ళేలోగా ముగ్గురం కలిసి ఎక్కడికైనా పోయొద్దామన్నది భాస్కరమే. సముద్రం ఎలాగూ చూస్తాను, అడవి చూడాలి అన్నాడు.

గౌరినాయుడికి ఒక జీపు ఉండేది. మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన పాతది. దాన్ని ఎలా చూసుకునేవాడో చెబితే మీరు నవ్వుతారు. ఆదివారం వస్తే దానికి తలంటు. సింహాచలం తీసుకెళ్ళి పూజ చేయించి, బానెట్టుకి పెట్టించిన బొట్టు మాసిపోతే మళ్ళీ తనే పెట్టేవాడు. అతనికి అప్పటికి పెళ్ళి కాలేదు. “నాకు బండుంది బావా, పెళ్ళికేటి తొందర,” అనేవాడు.

ఆ జీపులో బయల్దేరాం. ఓడల్లో సరుకు మీద కప్పే పాత టార్పాలిన్ ఒకటి, కిరసనాయిలు స్టవ్వు, బియ్యం, చింతపండు, ఎండు చేపలు, భాస్కరం వాళ్ళమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ. అనంతగిరి ఎక్కి, అరకు దాటి, కోరాపుట్ మీదుగా జగదల్‌పూరు. అక్కడి నుంచి ఇంకా పైకి, కాన్హా అడవి దాకా. దారిలో జీపు తన వయసు చూపించింది. ఘాట్ల మీద రేడియేటరు మరిగేది. టైర్లు పంక్చరయ్యేవి. ఒకసారి ఫ్యాను బెల్టు తెగితే భాస్కరం తన పంచె చింపి మెలిపెట్టి కట్టాడు. పక్క ఊరిదాకా అది పనిచేసింది కూడా. ప్రతిసారీ గౌరినాయుడు చిన్నబుచ్చుకునేవాడు, తన పిల్లాడు చుట్టాలింట్లో అల్లరి చేసినట్టు. మేం మాత్రం నవ్వుకునేవాళ్ళం.

కాన్హాలో పులి కనపడలేదు. కొమ్మలేసిన చెట్లని తల మీద మోస్తున్నట్టుండే దుప్పులు మాత్రం గడ్డి మైదానం నిండా కనిపించాయి. మంచులో నిలబడి మా వైపు చూశాయి. తిరిగొస్తూ జగదల్‌పూరు అవతల, కాంగేరు అడవిలో ఒక జలపాతం దగ్గర ఆగాం. నీళ్ళు మెట్లు దిగుతున్నట్టు దిగుతాయి అక్కడ. ఒడ్డున టార్పాలిన్ కట్టుకున్నాం. మర్నాడు పొద్దున్నే బయల్దేరితే, ఓడ ఎక్కే రోజుకి ఇంకా కొంచెం వెసులుబాటు మిగులుతుంది. భాస్కరం అది కావాలనే ఉంచుకున్నాడు. దారి కదా, ఏ అడ్డం వస్తుందో అని.

ఇప్పుడు అసలు మాట.

తెల్లారుతుండగా నాకు మెలకువ వచ్చింది. వాళ్ళిద్దరూ నిద్రలో ఉన్నారు. నీటి మీంచి మంచు లేస్తోంది. ఎక్కడో అడవికోడి కూసింది. భాస్కరం నోరు కొద్దిగా తెరుచుకుని, చెయ్యి నా దుప్పటి మీద వేసి పడుకున్నాడు. ఇంకో వారంలో ఈ మనిషి ఎక్కడుంటాడు? తిరిగొచ్చేసరికి మేం ఇలాగే ఉంటామా? ఇలాంటి ఆలోచనలు చేసే అలవాటు నాకు లేదు. ఆ రోజు ఎందుకో వచ్చాయి. ఇంకొక్క రోజు ఉంటే బాగుండు అనిపించింది. అడిగితే భాస్కరం ఒప్పుకోడని తెలుసు.

లేచి జీపు దగ్గరికి వెళ్ళాను. బానెట్టు ఎత్తాను. ఇంజనులో రెండు చిన్న లోహపు ముక్కలుంటాయి, పాయింట్లంటారు. అవి తాకి, విడిపోతుంటేనే నిప్పురవ్వ పుడుతుంది, బండి లేస్తుంది. సిగరెట్టు పెట్టెలోని కాగితం కొంచెం చింపి ఆ రెండింటి మధ్య దూర్చాను. మూత పెట్టేశాను. వచ్చి మళ్ళీ పడుకున్నాను.

అంతే. దానికి పట్టిన సమయం కంటే మీరిది వినడానికే ఎక్కువ పట్టి ఉంటుంది.

జీపు లేవలేదు. గౌరినాయుడు హ్యాండిలు వేసి చేతులు బొబ్బలెక్కేదాకా తిప్పాడు. ఫిట్టరుని నేనే కాబట్టి నన్ను చూడమన్నాడు. చూసినట్టు నటించాను. పెట్రోల్లో చెత్త ఉందేమో అన్నాను. అతను కార్బురేటరు మొత్తం విప్పి, ముక్క ముక్కా కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ విప్పాడు. మధ్యాహ్నం దాకా అతని తల బానెట్టు కిందే ఉంది. నేను ఒడ్డున కూర్చుని చూశాను. ఒక్కసారి లేచి వెళ్ళి ఆ కాగితం తీసేస్తే అయిపోయేది. ఎందుకు తీయలేదు? వేళాకోళం అని నవ్వేస్తే ఇద్దరూ నాలుగు తిట్టి ఊరుకునేవాళ్ళు. తీయలేదు. ఎందుకంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు ఆ రోజు చాలా బాగుంది.

ఆఖరికి గౌరినాయుడు చేతిలోని రెంచి విసిరేసి, నూనె చేతులతోనే నీళ్ళలోకి దూకాడు. ఆ తరవాత గడిచిన పూట గురించి ఏం చెప్పను. ముగ్గురం జలపాతం కింద కూర్చున్నాం. నీళ్ళు వీపు మీద దరువేస్తుంటే భాస్కరం గొంతెత్తి పాడాడు. వాడికి పాట రాదు. దగ్గర్లోని గూడెం నుంచి ఒకావిడ, ఆవిడ మొగుడు వచ్చారు. మా భాష వాళ్ళకి రాదు, వాళ్ళది మాకు రాదు. ఆకులో ఎర్రచీమల పచ్చడి పెట్టారు. భాస్కరం ముద్ద నిండా కలుపుకుని తిని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, “మా ఆవకాయ దీని ముందు పసిపిల్లండీ,” అన్నాడు ఆవిడతో. ఆవిడకి ఏం అర్థమైందో, తెగ నవ్వింది. ఆవకాయ జాడీ ఆవిడకే ఇచ్చేశాడు. సాయంత్రం ఎండ నీళ్ళ మీద పడి, ఆ తుంపర్ల మీద రంగులు నిలిచాయి. “బండి చెడిపోవడం ఎంత మంచిదైందిరా,” అన్నాడు భాస్కరం. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

పొద్దు వాలకముందే కాగితం తీసేసి, పాయింట్లు తుడిచి బాగుచేసినట్టు జీపు లేపాను. ఇద్దరూ నా వీపు తట్టారు.

మర్నాడు కోరాపుట్ దాటేసరికి వాన మొదలైంది. తుఫాను వాన. ఘాట్ మీద కొండచరియ విరిగి రోడ్డుకి అడ్డంగా పడింది. బస్సులు, లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ముందురోజు అక్కడ పొడి రోడ్డు. ముందురోజు బయల్దేరి ఉంటే ఆ వేళకి ఇంట్లో ఉండేవాళ్ళం. భాస్కరం సంచీ భుజానేసుకుని నడిచి దిగుతానన్నాడు. వెనకే వెళ్ళాం. కొంత దూరంలో వాగు రోడ్డుని మింగేసి ఉంది. అక్కడి వాళ్ళు మమ్మల్ని వెనక్కి పంపేశారు. ఒక బడి వరండాలో, తడి బట్టలతో, వాన తగ్గి రోడ్డు తెరిచేదాకా రోజుల తరబడి ఉన్నాం. భాస్కరం నన్నుగానీ గౌరినాయుడినిగానీ ఒక్క మాట అనలేదు. వాన వైపే చూస్తూ కూర్చున్నాడు.

వైజాగు చేరేసరికి ఓడ వెళ్ళిపోయింది. భాస్కరం బదులు ఇంకొకణ్ణి ఎక్కించుకున్నారు. మొదటి పిలుపుకే రానివాణ్ణి ఆ కంపెనీ మళ్ళీ పిలవలేదు.

వాళ్ళ నాన్నగారు మెత్తటి మనిషి. ఆయనే ఆ సాయంత్రం గౌరినాయుణ్ణి వీధిలో నిలబెట్టి, “నీ డొక్కు బండి మావాడి బతుకు ముంచేసిందయ్యా,” అన్నారు. చుట్టుపక్కల వాళ్ళందరూ విన్నారు. గౌరినాయుడు తల దించుకుని నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను.

కొన్నాళ్ళకి పోర్టు గేటు బయట టీ కొట్టు దగ్గర అతను నన్ను పట్టుకున్నాడు. టీ తాగలేదు. గ్లాసు చేతిలోనే ఉంది.

“బావా, ఒక్క మాట అడుగుతాను. కోపం తెచ్చుకోకు. ఆ పొద్దున నువ్వు బండి ముట్టుకున్నావా?”

“నానా? నానెందుకు ముట్టుకుంతాను?”

“అది కాదు. ముందు రోజు సాయంత్రం పాయింట్లు నానే తుడిసినాను. బాగున్నాయి. తెల్లారీసరికి ఏటయిపోనాది?”

“తేమ బావా. నీళ్ళ పక్కన కదా పెట్టినాం.”

అతను తల ఊపాడు.

“అయితే తప్పు నాదే. రాత్రి ఇంజను మీద గోనెపట్టా కప్పాల్సింది. కప్పనేదు. ఆ పిల్లోడి నోటికాడ కూడు నానే తీసీసినాను.”

అప్పుడు చెప్పాల్సింది. ఆ మాట నోటిదాకా వచ్చింది అని మీతో అంటే బాగుంటుంది. కానీ రాలేదు. నాకు వచ్చింది ఒక రకమైన నిశ్చింత. బయటపడ్డాను అనుకున్నాను. కాగితం పెట్టడం ఒక తప్పు. దానికి స్నేహం అని పేరు పెట్టుకోవచ్చు, చిన్నతనం అనొచ్చు, వాన వస్తుందని ఎవడికి తెలుసు అనొచ్చు. ఈ రెండో దానికి పేరేం పెట్టను? నన్ను నమ్మి అడిగిన మనిషి, నా అబద్ధాన్ని తీసుకుని, దాన్ని తన తప్పుగా మార్చుకుని వెళ్ళిపోయాడు. నేను టీ తాగాను.

ఆ నెలలోనే అతను జీపు అమ్మేశాడు. కొన్నవాడు తీసుకుపోతుంటే చూడనని లోపలికి వెళ్ళిపోయాడట. మళ్ళీ బండి కొనలేదు. తరవాత పెళ్ళయింది, పొలం పెరిగింది, ఇద్దరు కొడుకులు ఉద్యోగాల్లో ఉన్నారు. కొడుకులకి బళ్ళున్నాయి. తను మాత్రం సబ్బవరం నుంచి బస్సులోనే వస్తాడు. ఎవరైనా దింపుతామన్నా, “బళ్ళు నాకు అచ్చిరావు,” అంటాడు.

భాస్కరానికి తరవాత ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. మంచి ఉద్యోగం. క్వార్టర్సు, కూతురు, మనవరాలు. ఏనాడూ విచారంగా కనపడలేదు. ఓడ ఎక్కి ఉంటే ఇంతకంటే బాగుండేవాడా? తెలియదు. ఆ మాట చెప్పి నన్ను నేను సముదాయించుకోవాలని చాలాసార్లు చూశాను. కానీ ఆ ఓడ మంచిదా చెడ్డదా అని తేల్చాల్సింది వాడు. నేను తేల్చేశాను. పైగా ఇంకో ప్రశ్న ఉంది, దాని దగ్గరికి వెళ్ళినప్పుడల్లా వెనక్కి వచ్చేస్తాను. నాకు కావాల్సింది నిజంగా ఒక్క రోజేనా? లేక లోపల్లోపల, వాడు వెళ్ళకపోతే బాగుండునని కూడా అనుకున్నానా? ఓడ వెళ్ళిపోయిందని పోర్టు గేటు దగ్గర చెప్పినప్పుడు నా గుండె బరువెక్కింది. నిజం. దాని వెనకాలే, చాలా చిన్నగా, వీడు ఇక్కడే ఉంటాడు అన్న సంతోషం కూడా కలిగింది. అదీ నిజం.

ఉన్నాడు. ఇన్నేళ్ళూ ఇక్కడే, నా దగ్గరే ఉన్నాడు. మా అబ్బాయి పెళ్ళి పనులన్నీ వాడే చూశాడు. నాకు ఆపరేషనయితే ఆస్పత్రిలో నా మంచం పక్కనే కూర్చున్నాడు. ముగ్గురం కలిస్తే ఇప్పటికీ ఆ జలపాతం మాట రాకుండా ఉండదు. భాస్కరమే ఎత్తుతాడు. ఎర్రచీమల పచ్చడి కథ మనవరాలికి కూడా చెప్పాడు. వాడు నవ్వుతాడు, నేను నవ్వుతాను. ఆ నవ్వు దొంగది కాదు. ఆ రోజు తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషమే. గౌరినాయుడు మాత్రం ఆ మాట వచ్చినప్పుడు కిళ్ళీ కట్టించుకొస్తానని లేచి వెళ్తాడు.

ఇప్పుడు చెప్పొచ్చు కదా అంటారు. అనండి. భాస్కరానికి చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. పోనీలేరా అంటాడు. నా భయం వాడి గురించి కాదు. గౌరినాయుడు ఏమంటాడో నాకు తెలియదు. ఏమీ అనకుండా బస్సెక్కి వెళ్ళిపోతాడేమో. ఇంత వయసొచ్చాక ఆ స్నేహం పోగొట్టుకునే ధైర్యం నాకు లేదు. చూశారా, అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. నా దగ్గరున్నవాళ్ళు నా దగ్గరే ఉండాలి. దానికోసం ఎవరిమీద ఏం పడినా సరే.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగింది కాదు. విన్నారు, చాలు.

గౌరినాయుడి జీపులో ఆ రోజు ఏ లోపమూ లేదు. అది మంచి బండి. అతను దాన్ని బాగా చూసుకున్నాడు. ఈ మాట ఎవరో ఒకరితో, ఒక్కసారైనా అనాలని ఉండేది. అన్నాను.