ఖాళీ కాక

ఒమాన్‌లోని సీబ్‌లో మా కాలేజీకి నాలుగు పాత భవనాలున్నాయి. కాలేజీ పెరిగి ఊరి చివరికి వెళ్లిపోయాక వాటిని కంపెనీలకు లీజుకిచ్చారు. వాటి తాళాలు, కాగితాలు, కారే కుళాయిలు, అద్దెకున్నవాళ్ల తగువులు అన్నీ కలిపి నా నెత్తిన పెట్టారు. నేను గోదావరి జిల్లా వాణ్ణి, మెల్లగా మాట్లాడటం చేతకాదు. గేటు దగ్గర నోరు విప్పితే డాబా మీద బట్టలారేసేవాళ్లు కూడా ఉలిక్కిపడతారని మా ఆవిడ అంటుంది. నిజమే. అద్దెకున్నవాళ్లు నన్ను చూస్తే తప్పుకు తిరుగుతారు.

కొత్తలో ఈ దేశంలో నాకు ధైర్యమిచ్చింది మాటలే. లీజును ఇక్కడ ఇజార్ అంటారు. మన పాత దస్తావేజుల్లో ఇజారా అని ఉండేది కదా, అదే. ఖాళీ అన్న మాటయితే మరీ సులువు. ఒమానీ ఆఫీసరుకు, హిందీ మాట్లాడే పెయింటరుకు, మనకు అందరికీ ఒకటే. అరబ్బీ రాకపోయినా ఆ ఒక్క మాటతో ఏళ్లతరబడి ఉద్యోగం నెట్టుకొచ్చానని గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

ఆ వేసవిలో ఒక భవనం లీజు ముగిసింది. రెండంతస్తుల పాత ఇల్లు. ఒక కంపెనీ కూలీలు, అందరూ ఉత్తర తెలంగాణ వాళ్లు, అందులో ఉండేవారు. గడువు రోజు సాయంత్రానికి ఖాళీ చేయమని నేనే గేటు దగ్గర నిలబడి అరిచి వెళ్లాను. మర్నాడు పొద్దున్నే కంపెనీ బస్సు వాళ్లను, వాళ్ల మేస్త్రిని కొండల్లోని రుస్తాఖ్ సైట్‌కు తీసుకెళ్లింది. ఆ ఇంట్లో నర్సింగు చదివే అమ్మాయిలకు హాస్టల్ పెట్టాలని కాలేజీ అనుకుంది. కానీ గోడల నిండా నల్లులు. అందుకని అదే పొద్దున మందు కొట్టేవాళ్లను పిలిపించాను.

వాళ్లు కొట్టేది మామూలు మందు కాదు. గదుల్లో బిళ్లలు పెట్టి, తలుపులు టేపుతో మూసేస్తారు. బిళ్లల్లోంచి మెల్లగా గ్యాసు లేస్తుంది. మూడు రోజులు ఎవరూ లోపలికి వెళ్లకూడదు. నల్లి చచ్చే గదిలో మనిషీ బతకడు. అందుకే భవనంలో ఎవరూ లేరని కాలేజీ తరఫున సంతకం పెడితేనే పని మొదలుపెడతారు. సంతకానికి ముందు ప్రతి గదీ నా కళ్లతో చూడాలి. నేను చూడలేదు. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఒక్క నల్లి నా ప్యాంటు పట్టుకుని ఇంటికొచ్చిందంటే ఊరుకోదు. అందుకని గేటు దగ్గరే నిలబడి కేకలేస్తూ పని చేయించాను.

మందువాడు మెట్ల మీదనుంచి హిందీలో అడిగాడు, చివరి గది తలుపు రావడం లేదు, ఏం చేయమంటారు అని. తాళమా, లోపలి గడియా అని కూడా నేను అడగలేదు. బస్సులో ఉన్న మేస్త్రికి ఫోన్ చేశాను.

"మేస్త్రీ, పైన చివరి గది ఖాళీయేనా?"

కొండల్లో ఉన్నాడేమో, గరగరమంది. "ఆఁ సార్... ఖాలీ కాక..."

కట్టయింది. ఖాళీ కాక ఇంకేమిటి అంటున్నాడనుకున్నాను. వెటకారమొకటి అని కూడా విసుక్కున్నాను. "బిళ్లలు తలుపు కిందనుంచి తోసెయ్" అని పైకి అరిచి, సంతకం గీకి, ఆఫీసుకు వచ్చేశాను.

మధ్యాహ్నం నేను భోంచేస్తుంటే మా కాలేజీ బస్సు డ్రైవరు నా ఎదురుగా కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచాడు. జగిత్యాల వైపు కుర్రాడు, నా నోటికి భయపడని ఒకే ఒక్కడు.

"ఇయ్యాల ఖాలీ తొక్కే తెచ్చిన సార్" అన్నాడు.

"తొక్కు ఖాళీ అయితే ఇంకేం తింటావయ్యా?" అని నవ్వాను.

వాడూ నవ్వాడు. "గట్ల కాదు సార్. ఖాలీ తొక్కు అంటే వట్టి తొక్కే, ఇంకేం లేదు అని. ఖాలీ ఒక్కడే అస్తడు అంటం గదా, గట్ల."

ముద్ద నా చేతిలోనే ఉంది. పొద్దుటి ఫోన్ చెవిలో మళ్లీ మోగింది. మెల్లగా అడిగాను. "మరి... ఖాలీ కాక అంటే?"

"కాక అంటే చిన్నాయిన. పెద్దమనిషిని గట్లనే పిలుస్తం. ఖాలీ కాక ఉన్నడు అంటే, కాక ఒక్కడే..." నా మొహం చూసి ఆగిపోయాడు. "ఏమైంది సార్?"

ఏమైందో వాడికి ఎలా చెప్పానో గుర్తులేదు. వాడు నన్ను రెక్క పట్టుకుని కారెక్కించాడు. ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, నాకు మొదట గుర్తొచ్చింది ఆ మనిషి కాదు, నా సంతకం. పోలీసులు, జైలు, మా ఆవిడ మొహం. ఆ తర్వాతే, గడియ వేసుకుని పడుకున్న ఒక ముసలాయన, తలుపు కిందనుంచి దొర్లుకుంటూ వచ్చిన బిళ్లలు కళ్ల ముందుకొచ్చాయి. మందువాళ్లకు ఫోన్ చేసి తలుపు పగలగొట్టమని ఏడ్చినంత పని చేశాను. మేస్త్రి ఫోన్ కలవలేదు. ప్రతి సిగ్నల్ దగ్గరా "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉన్నాను. ఇంకో మాట రాలేదు. బిళ్లలు పెట్టి ఎన్ని గంటలయిందో లెక్కపెట్టడానికి ప్రయత్నించాను, మూడో నాలుగో తేలలేదు.

గేటు దగ్గరికి వచ్చేసరికి వెల్లుల్లి కుళ్లినట్టు వాసన. ముఖాలకు మాస్కులు తగిలించుకుని ఇద్దరు మందువాళ్లు లోపలికి వెళ్లారు. నన్ను రానివ్వలేదు. పైన తలుపు మీద దెబ్బలు వినిపిస్తున్నాయి. ఒకటి, రెండు, తలుపు రావడం లేదు. ఆగలేకపోయాను. గొంతు చించుకుని అరిచాను.

"కాకా! ఓ కాకా!"

"ఎవలూ? గీడున్న."

గొంతు పైనుంచి రాలేదు. ఇంటి వెనకనుంచి వచ్చింది. ప్రహరీ నీడలోంచి ఒక పెద్దాయన గోడ పట్టుకుని లేచాడు. లుంగీ, చెవులకు తువ్వాలు, జ్వరంతో ఎర్రబడ్డ కళ్లు. ఊరివాళ్లెవరో పిలిచారనుకుని వచ్చినట్టున్నాడు, నన్ను చూడగానే బిగుసుకుపోయి రెండు చేతులూ జోడించాడు.

"తప్పైంది సార్. నిన్ననే పోవాలె. జరమొచ్చి లేవలేకపోయిన. పొద్దుగాల మీ లొల్లి ఇని, దొరికితే తిడ్తరని ఎన్క మెట్లకెళ్లి దిగిన. గప్పటి సంది గీడనే కూసున్న."

చివరి గదికి వెనకవైపు ఇంకో తలుపు ఉందని, దానికి ఇనుప మెట్లున్నాయని నా దగ్గరున్న కాగితాల్లోనే ఉంది. నా జాగ్రత్త ఆయన్ను కాపాడలేదు. నేనంటే ఉన్న భయం కాపాడింది.

ఆయన మాత్రం నా వైపు చూడకుండా పైకి చూస్తున్నాడు. "నా సంచి ఆ రూమ్‌లనే ఉంది సార్. పాస్‌పోర్ట్ కాయితం, మందులు. ఇస్తరా?"

మాస్కులవాళ్లు సంచి తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఆయన దాన్ని గుండెకు హత్తుకుని, చెమటలో తడిసి ముద్దయిన నా చొక్కా చూశాడు. మొహం విచ్చుకుంది.

"నా సంచి కోసం గింత ఎండల ఉరికొచ్చిండ్రా సార్? మీ గురించి మావోళ్లు ఊకె చెడ్డగ అంటరు. మీరు సల్లగుండాలె."

డ్రైవరు నా వైపు చూశాడు. నేను నిజం చెబుతానని ఎదురుచూశాడు. చెప్పాలనే నోరు తెరిచాను.

"సరేలే" అన్నాను. "ఈసారికి వదిలేస్తున్నా. ఇంకెప్పుడూ ఇలా చేయకు."