గుమాస్తా పొరపాటు

సరిహద్దు నదికి ఇవతల, టెక్సస్ కొసన ఉన్న ఆ ఊళ్లో సగం మంది బరేరా ఇంటిపేరువాళ్లే. వాళ్లలో చుట్టరికం ఉన్నవాళ్లు కొందరు, లేనివాళ్లు కొందరు. అందుకే ఎలియూతేరియో బరేరా, ఊరందరి నోటా తెయో, తన మీద పడిన మచ్చకి యాభై ఏళ్లపాటు ఒకటే కారణం చెప్పుకున్నాడు. ఎవరో గుమాస్తా ఒక బరేరాకి బదులు ఇంకో బరేరా పేరు ఎక్కించాడని.

ఆ ఇంకో బరేరా నార్సీసో. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే బడి. ఒకే బస్సెక్కి సైన్యానికి వెళ్లారు, వియత్నాంలో ఒకే దళంలో పడ్డారు. అక్కడ ఒక వానరాత్రి కాపలా గుంత ఖాళీగా దొరికింది. వంతు నార్సీసోది. అతను మెకానిక్కుల గుడారంలో తాగి పడుకున్నాడు. తెల్లారాక సార్జెంటు వచ్చి లేపింది మాత్రం తెయోని. నా వంతు కాదని తెయో తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. మరెవరిదని అడిగితే నోరు మెదపలేదు. స్నేహితుణ్ణి ఎలా పట్టిస్తాడు? విచారణకి నిలబడతావా, సంతకం పెట్టి ఇంటికి పోతావా అన్నారు. విచారణంటే జైలేనని పక్క మంచం వాడు చెప్పాడు. తెయో సంతకం పెట్టాడు. కాపలా వదిలి పారిపోయినవాడిగా, గౌరవం లేకుండా విడుదలైనవాడిగా అతని రికార్డు మూతపడింది.

తెయో తండ్రి దొన్ అబుందియో అంతకు ముందరి యుద్ధం చేసి వచ్చిన మనిషి. కొడుకుని ఒక్క మాట అనలేదు. ఇరుగుపొరుగు వచ్చి సైన్యం సంగతులు ఎత్తితే చాలు, కర్బూజా ధరల మీదికి మాట మళ్లించేవాడు. తెయోకి ఆ మళ్లించడమే తిట్టులా తగిలేది. ముసలాయన పోయినప్పుడు మాజీ సైనికులు బారులు తీరి వందనం చేశారు. జెండా మడిచి తల్లి చేతిలో పెట్టింది నార్సీసో. అప్పటికే అతను ఊళ్లో మాజీ సైనికులు కూడే హాలుకి పెద్ద. తెయో బంధువుల వెనక వరసలో నిలబడ్డాడు.

అయినా నార్సీసో మీద అతనికి కోపం లేదు. సార్జెంటు తెయోని లేపిన ఉదయమే నార్సీసోను వేరే కొండ మీది శిబిరానికి తరలించారట. "నాకు తెలిసేటప్పటికి నిన్ను విమానం ఎక్కించేశార్రా" అని ఇంటికొచ్చాక పట్టుకుని ఏడ్చాడు. తర్వాత తెయో కూతురు మరిసేలాకి జ్ఞానతండ్రి అయ్యాడు. చర్చిలో బిడ్డకి బాప్తిస్మం నీళ్లు పోసిన రోజు నుంచి ఇద్దరూ ఒరే అనుకోవడం మానేసి, బిడ్డ ద్వారా కలిసిన వరసతో కొంపాద్రే అని పిలుచుకున్నారు.

తెయో పొలాల మోటార్లు బాగుచేసి బతికాడు. డెబ్భై దాటాక చక్కెర జబ్బు కిడ్నీలకి పాకింది. ఊరి క్లినిక్కు డాక్టరు చేతులెత్తేశాడు. మాజీ సైనికుల ఆసుపత్రి ఉంది గానీ అతని రికార్డు చూస్తే గేటు కూడా తియ్యరు. పన్నుల కాగితాలు చేసిపెట్టే చిన్న ఆఫీసు నడుపుతున్న మరిసేలా అప్పుడు పట్టు పట్టింది. సైన్యం రికార్డులు సరిదిద్దే బోర్డు ఒకటుందని కనుక్కుని, తండ్రి ఫైలు తెప్పించింది. "సాక్షి ఒకళ్లు కావాలి నాన్నా. జ్ఞానతండ్రి రాస్తే చాలు" అంది. నార్సీసో సరేనన్నాడు. ముందు ఫైలు చూస్తానని తీసుకెళ్లాడు. ఎండాకాలం వెళ్లిపోతున్నా ఉత్తరం మాత్రం రాలేదు.

తెయో తనే వాళ్లింటికి వెళ్లాడు. పెరట్లో నార్సీసో హాలు కుర్చీలు ముందేసుకుని వాటి మడత కీళ్లకి నూనె పెడుతున్నాడు.

"కొంపాద్రే, ఆ కాగితం సంగతి," అన్నాడు తెయో. "రెండు ముక్కలు చాలంట. ఆ రాత్రి వంతు నీదని. ఈ వయసులో నిన్నెవడేం చేస్తాడు?"

"చూద్దాంలే."

"చూస్తూనే ఉన్నావుగా ఈస్టరు పండగ నించీ. నే పోయాక రాస్తావా?"

నార్సీసో ఒక కుర్చీ మడిచాడు, తెరిచాడు, మళ్లీ మడిచాడు. "గుమాస్తా పొరపాటు చెయ్యలేదు," అన్నాడు.

తెయోకి అర్థం కాలేదు.

"ఆ పొద్దున లెఫ్టినెంటు ముందు నన్నే పిలిచాడు. వంతు నీదే కదా అన్నాడు. మార్చుకున్నాం, తెయో ఒప్పుకున్నాడు అని చెప్పా. రాసిమ్మన్నాడు. రాసిచ్చి లారీ ఎక్కా."

తెయో అతని చేతిలోని కుర్చీ లాగి పక్కన పెట్టాడు. "ఎందుకు?" అన్నాడు.

"భయమేసింది. పందొమ్మిదేళ్లు నాకు. ఇంటి దగ్గర మా అమ్మ ఒక్కతే."

"నాకేం, ఇద్దరమ్మలా?"

నార్సీసో నూనె డబ్బా మూత బిగించాడు.

"ఇంటికొచ్చాకైనా చెప్పొచ్చుగా. నన్ను పట్టుకుని ఏడ్చావే, అప్పుడు."

"చెబుదామనే వచ్చా. నువ్వు తలుపు తీసి, ఎవడో గుమాస్తా ఇద్దరు బరేరాలనీ కలిపేశాడ్రా, నీ తప్పేం లేదు, ఏడవకు అన్నావ్. నేను ఏం చెప్పాలో నువ్వే చెప్పేశావ్."

అది నిజమే. ఆ మాట తనే అన్నాడు. ఆ గుమాస్తాని పుట్టించింది తనే. అన్నేళ్లూ మోసింది తనే. పుట్టిన రోజులకీ పెళ్లిళ్లకీ ఈ మనిషి పక్కన కూర్చుని ఆ గుమాస్తాని తిట్టుకుంటూ ఎన్నిసార్లు నవ్వాడో తెయోకి గుర్తొచ్చింది.

"అయితే ఇప్పుడు రాయి నార్సీసో. ఉన్నదున్నట్టు."

కొంపాద్రే అన్న పిలుపు పోయిందని ఇద్దరికీ తెలిసింది.

"గుమాస్తా పొరపాటనే రాస్తా," అన్నాడు నార్సీసో. "వంతు నాదే, ఒంట్లో బాలేక పక్కకెళ్లా, పేర్లు తారుమారయ్యాయి అని. నీ పని అయిపోతుంది. నే రాసిచ్చిన కాగితం ఆ ఫైల్లో లేదు, చూశా. నా మనవడు ఆ హాల్లో నా ఫొటో కింద నిలబడి సైన్యంలో చేరాడు. వాడి ముందు నన్ను దొంగని చెయ్యకు."

ఫైలు ఎందుకడిగాడో, ఎండాకాలమంతా ఎందుకు ఆగాడో తెయోకి అప్పుడు తెలిసొచ్చింది. వెనక్కి తిరిగి ఇంటికి నడిచాడు.

భార్య ఓబ్దూలియాకి, అతని నోట లూలాకి, ఆ సాయంత్రమే అంతా చెప్పాడు. ఆవిడ పిండి కలుపుతున్న చేతులు అలాగే ఉంచి విన్నది. నార్సీసోను ఇక్కడ రాయలేని మాటలు నాలుగు అన్నది. ఆ తర్వాత, "తీసుకో ఆ ఉత్తరం," అంది.

"అబద్ధం అది, లూలా."

"నీ కిడ్నీలకి తెలుస్తుందా అబద్ధమని? వాడు నీ వయసంతా తిన్నాడు. మిగిలిన నాలుగేళ్లు కూడా వాడికే వదిలేస్తావా? తిట్టుకుంటూ తీసుకో."

తెయో తీసుకున్నాడు. మరిసేలాకి మాత్రం చెప్పలేదు. చెబితే ఆ పిల్ల పంపదని తెలుసు. ఉత్తరం ఆమె దరఖాస్తుతో కలిసి వెళ్లింది. మరుసటి ఏడాది బోర్డు జవాబు వచ్చింది. గుమాస్తా పొరపాటు వల్ల అన్యాయం జరిగిందనీ, రికార్డు సరిదిద్దామనీ, ఇకపై అతను గౌరవంగా విడుదలైన సైనికుడేననీ. మరిసేలా చదివి వినిపిస్తూ ఏడ్చింది. తెయోకి కళ్లు చెమ్మగిల్లలేదు. సరిదిద్దిన చోటనే కొత్త అబద్ధం అచ్చుపడి కూర్చుంది.

నవంబరులో హాల్లో విందు పెట్టారు. మాంసం కాల్చారు, చిక్కుళ్లు ఉడికించారు, తెయో నెత్తిన బంగారు దారాల టోపీ పెట్టారు. నార్సీసో మైకు పట్టుకున్నాడు. అయిదు నిమిషాలు మర్యాదగా మాట్లాడి దిగిపోతే తెయో ఓర్చుకునేవాడేమో. కానీ చప్పట్లు పడేసరికి నార్సీసోకి ఊపొచ్చింది.

"యాభై ఏళ్లు ఈ బాధ నా గుండెల్లో ఉంది," అన్నాడు. "ఒక గుమాస్తా నా కొంపాద్రే పేరు పాడుచేశాడు. దాన్ని కడిగేదాకా నేను నిద్రపోలేదు."

జనం లేచి నిలబడ్డారు. చప్పట్లు అతనికే. తెయో టోపీ తీసి పళ్లెం పక్కన పెట్టి, ఓబ్దూలియా చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. వెనక నుంచి ఎవరో, "అంత చేసినవాడికి ఒక్క దణ్ణం కూడా పెట్టలేదు చూడు" అనడం వినబడింది.

మరిసేలా పరుగున వచ్చి కారు తలుపు తీసింది. "ఏంటి నాన్నా ఇది? ఆయన నీకోసం ఎంత చేశాడు? అందరి ముందూ అలా వచ్చేస్తారా ఎవరైనా?"

ఇక దాచలేకపోయాడు. కారు కదలకముందే మొత్తం చెప్పాడు, కుర్చీల దగ్గర విన్నది విన్నట్టు. మరిసేలా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని విన్నది.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఉత్తరం రాకముందు నించీ."

"నా చేత్తో టైపు చేశాను. ఇది నిజమని ఒట్టేసి కింద నా పేరు పెట్టాను."

"నీకు తెలిస్తే పంపేదానివి కాదు తల్లీ."

"కాదు. అందుకే నువ్వు చెప్పలేదు. ఆయన నిన్ను అడక్కుండా నీ పేరు వాడుకున్నాడు. నువ్వు నా పేరు వాడుకున్నావ్."

వెనక సీట్లో ఓబ్దూలియా, "నేనే తీసుకోమన్నా" అంది గానీ, ఆ మాట ఎవరికీ సాయపడలేదు.

మరిసేలా తన జ్ఞానతండ్రి ఫోను మళ్లీ ఎత్తలేదు. కారణం ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. బోర్డుకి ఉన్నదున్నట్టు మళ్లీ రాద్దామని ఉందని ఒకరోజు తండ్రితో అంది. "రాయి, నే అడ్డుపడను" అన్నాడు తెయో. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆమె అతని ఉబ్బిన కాళ్లకేసి చూసి, రాస్తే మందులు ఆగిపోతాయేమోనంది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆసుపత్రికి ఆమే తీసుకెళ్లేది, ఆమే తెచ్చేది. మందులు డబ్బాలో సర్ది, తల్లికి రెండు మాటలు చెప్పి, గుమ్మంలోంచే వెళ్లిపోయేది. చలికాలమంతా అలాగే గడిచింది. మార్చిలో ఒక ఆదివారం ఓబ్దూలియా అడగకుండానే పళ్లెం పెట్టింది. మరిసేలా మందుల డబ్బా పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని తండ్రికి ఎదురుగా కూర్చుని తిన్నది. తెయో రొట్టె తుంచి ఆమె వైపు జరిపాడు. తీసుకుంది.