అత్తయ్య ఆరేసిన చీర

కిందటి వేసవిలో కాకినాడ నుంచి ఈ దేశం వచ్చిన మా అత్తయ్యను, మేముండే పాయింట్ కుక్‌ నుంచి గంటన్నర డ్రైవ్ చేసి ఒక పాత బీచ్ ఊరికి తీసుకెళ్లాం. పొడవాటి చెక్క వంతెన, ఒడ్డున రంగురంగుల గదులు, ఎటు చూసినా చిప్స్ తింటున్న జనం. అత్తయ్య చీరతోనే మూడు మునకలు వేసి, పొడిచీర మార్చుకుని, తడిచీర ఆరేద్దామన్నారు.

"ఇక్కడ ఎవరూ అలా చెయ్యరు అత్తయ్యా" అన్నా వినలేదు. ఆ కొస ఆవిడ, ఈ కొస నేను పట్టుకుని నిలబడ్డాం.

ఇంతలో ఒకాయన ఇద్దరు పిల్లలతో మా ఎదురుగా నీళ్లలోకి దిగాడు. వెనకే ఇంకొందరు. లైఫ్‌గార్డ్ విజిల్ ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఇక్కడ సగం ఎరుపు, సగం పసుపు ఉన్న జెండాలు పాతిన చోటే ఈతకు దిగాలి. మా ఎర్రంచు పసుపు చీరను జెండా అనుకుని వాళ్లు లోపలికి లాగే నీళ్లలో దిగారు!

అందరినీ బయటికి రప్పించి అతను మా దగ్గరికొచ్చాడు. నేను క్షమాపణ చెప్పబోయాను. అత్తయ్య మాత్రం, "వచ్చావా నాయనా! ఆ కొస పట్టుకో, మా కోడలికి చేతులు లాగుతున్నాయి" అంటూ సైగ చేశారు. అతను నవ్వేసి, నా చేతిలోని కొస అందుకుని, అలాగే కార్ పార్క్ దాకా నడిచాడు. వెనక కొస పట్టుకుని అత్తయ్య, ఆ వెనక తల వంచుకుని నేను.

ఇండియా వెళ్లేటప్పుడు ఆ చీర నాకే ఇచ్చేశారు. పండగలకి కడుతున్నాను. బీచ్‌కి మాత్రం కట్టను.