స్నోడ్రాప్స్ చూసిన ఆదివారం

హామిల్టన్ గుడిలో ఆదివారం భోజనాలు వడ్డించే ఆంటీ ఒకరుండేవారు. డెబ్బై దాటిన మనిషి. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. ఒక ఆదివారం నా ప్లేటులో సాంబారు పోయబోయి ఆగారట. నేను కూర్చున్నచోటే ప్లేటు పట్టుకుని నిద్రపోతున్నాను.

నేను చదువుకోవడానికి ఆ దేశం వెళ్లిన ఏడాది అది. మా కాలేజీలో ఎటు చూసినా మనవాళ్లే. ఒకే ఇంట్లో ఏడుగురు అమ్మాయిలం ఉండేవాళ్లం. పొయ్యి దగ్గర క్యూ, బాత్రూం దగ్గర క్యూ. నేను తెల్లవారకముందే లేచి, రెండు బస్సులు మారి, ఊరి చివర బ్రెడ్డు ఫ్యాక్టరీలో ట్రేలు ఎత్తి, అటునుంచి అటే క్లాసుకు పరుగెత్తేదాన్ని. పని దొరకడమే గగనమైన రోజులు కాబట్టి షిఫ్టు వదులుకునే ధైర్యం ఎవరికీ లేదు.

“వచ్చే ఆదివారం నాతో రా అమ్మా, పూలు చూపిస్తా,” అన్నారు ఆంటీ.

మార్చి మొదటి రోజులు. రోడ్ల పక్కన మంచు నల్లగా గుట్టలు పడి ఉంది. ఈ చలిలో పూలేమిటో అర్థం కాలేదు. పెద్దావిడను కాదనలేక “సరే ఆంటీ” అన్నాను. అనగానే, ఉన్న ఒక్క సెలవూ పోయిందని ఏడుపొచ్చింది.

చెప్పినట్టే పదింటికి కారులో వచ్చారు. ఆ వారం వడ్డనకు రానని చెప్పేశారట. దారంతా ఏవో చెబుతూనే ఉన్నారు. హీటర్ వెచ్చదనానికి కళ్లు మూతలు పడుతుంటే నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను.

వెళ్లిన చోటు పేరుకే తోట, చూడబోతే అడవిలాగే ఉంది. చెట్లకు ఒక్క ఆకు లేదు. బాట మీద సగం ఐసు, సగం బురద. ఆవిడ ఒక చేత్తో కర్ర పట్టుకుంటే, రెండో మోచేతిని నేను పట్టుకున్నాను. కొంతసేపటికే నా గుడ్డ బూట్లు నానిపోయాయి. చివరికి ఒక పెద్ద చెట్టు దగ్గర ఆగి, కర్రతో చూపించారు. కుళ్లిన ఆకుల మధ్య వేలెడంత కాడలు, వాటికి తెల్లటి చిన్న పూలు. దూరంనుంచి చూసి టిష్యూ పేపరు ముక్కలనుకున్నాను.

“ఇవేనా ఆంటీ?”

“ఇవే. స్నోడ్రాప్స్. అన్నీ తలలు వేలాడేసుకునే ఉంటాయి. అసలు అందం లోపలుంటుంది. చూడాలంటే బాగా వంగాలి, నా మోకాళ్లు వంగట్లేదు. రెండేళ్లయింది లోపల చూసి. అందుకే నిన్ను తీసుకొచ్చా.” హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న అద్దం తీసి నా చేతిలో పెట్టారు.

అయితే ఇక్కడా పనేనన్నమాట, అనుకున్నాను.

తడి నేల మీద మోకాళ్లు ఆనించి పువ్వు కింద అద్దం పట్టాను. “కొంచెం ఎడమకి... ఆఁ, ఆగు, ఆగు.” అద్దంలో లోపలి చిన్న రేకులు కనిపించాయి. ప్రతి రేకు అంచునా లేత ఆకుపచ్చ గుర్తు. ఆవిడ కర్ర మీద బరువు వేసి చాలాసేపు చూశారు. “ఇంకోటి చూపించు,” అన్నారు. లేచాను, నాలుగడుగులు వేశాను, మళ్లీ కూర్చున్నాను. ఆరో చోటో ఏడో చోటో కాళ్లు నా మాట వినలేదు.

“లే అమ్మా.”

“నాతోని ఐతలేదు ఆంటీ.”

రూమ్మేట్లు నవ్వుతారని మా ఇంటి మాటలు నేను ఎప్పుడో దాచేసుకున్నాను. ఆ క్షణంలో అవే బయటికొచ్చాయి. వాటితోపాటు ఏడుపూ వచ్చింది. ఆకుల్లో అలాగే చతికిలబడ్డాను.

ఆవిడ చెట్టు పట్టుకుని, మూలుగుతూ, మెల్లగా నా పక్కన కూలబడ్డారు. “ముప్పై ఏళ్లు జనాన్ని నిద్రపుచ్చిన దాన్ని. ఎవరికి నిద్ర కావాలో నాకు తెలీదా? పడుకో,” అని నా తల తన భుజం మీదికి లాక్కున్నారు.

మెలకువ వచ్చేసరికి ఆవిడ పెదాలు చలికి పాలిపోయి ఉన్నాయి. ముప్పావుగంట అయిందట.

“లేపాల్సింది కదా ఆంటీ!”

“నిన్ను లేపి ఏం లాభం? నేనెలాగూ లేవలేను.”

నేను లేపబోతే ఇద్దరం జారి పడ్డాం. రెండోసారీ అంతే. కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన, ఆయన భార్య చెరో పక్కా పట్టుకుని ఆవిడను నిలబెట్టారు.

కారులో అడిగితే ఫ్యాక్టరీ షిఫ్టు సంగతి చెప్పాను. “ఆ పని మానెయ్యలేవా?” అన్నారు. “మానేస్తే ఇంకోటి దొరకదాంటీ.” “అవును, దొరకదు,” అన్నారు. ధైర్యం చెప్పే మాటలేవీ చెప్పలేదు. అదే నాకు ఊరట.

నాకు వారంపాటు జలుబు వదల్లేదు. ఆవిడ మోకాలు వాచి రెండు వారాలు గుడికి రాలేదు. మూడో వారం వచ్చి, వడ్డిస్తూ వడ్డిస్తూ తన ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టారు. “మేడ మీద గది ఖాళీగానే ఉంది. ఆదివారాలొచ్చి పడుకో. నాతో మాట్లాడాలని రూలేం లేదు.”

కోర్సు అయ్యేదాకా వెళ్లాను. ఆ ఇంట్లో మెట్లు, మంచం తప్ప నాకేమీ సరిగ్గా గుర్తులేదు. లేచేసరికి ఆవిడ గుడికి వెళ్లిపోయి ఉండేవారు. వంటింట్లో అన్నం, పప్పు మూతపెట్టి ఉండేవి. నిలబడే తినేసి, గిన్నె కడిగి, బస్సుకు వెళ్లిపోయేదాన్ని.